పసివాళ్ల ఊపిరి, బలం మందుల బేరం

చలిగాలి తిరిగిందంటే టౌన్లో పిల్లల ఆస్పత్రులకి పంట చేతికొచ్చినట్టే. మార్కెట్ యార్డులో బస్తాలు దిగినట్టు ఆటోల్లోంచి పిల్లలు దిగుతారు. జ్వరం, రొంప, దగ్గు, పిల్లికూతలు, డొక్కలెగరేత. వరండాలో కింద కూర్చున్న తల్లుల్ని పలకరించండి. ఏ ఊరమ్మా అంటే ఊరి పేరు చెప్పి, ఆగి, ఫలానా పల్లె అంటారు. మనవాళ్లే. కూలి మానుకొని, మెడలో ఉన్నది తాకట్టు పెట్టి వచ్చినవాళ్లు. లోపల గాజు తలుపు మీద రంగుల బొమ్మ ఒకటి అంటించి ఉంటుంది. బొద్దుగా ఉన్న తెల్లపిల్లవాడు డాలు పట్టుకొని నిలబడి ఉంటాడు. కింద రాసి ఉంటుంది: మీ పిల్లల ఇమ్యూనిటీ పెంచండి!

ఈ మాట మనకి కొత్త కాదు. పేరు కొత్త. ఇదివరకు దీన్నే ‘బలం’ అనేవాళ్లు. కలుపుకి పోయి నీరసపడ్డ ఆడమనిషి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ‘ఒక బలం బాటిలు ఎక్కించు బాబూ’ అనేది. ఆయన సెలైన్లో బి కాంప్లెక్స్ కలిపేవాడు. నీళ్లు పసుప్పచ్చగా తిరిగేవి. రంగుని చూసి బలమొచ్చిందనుకొని ఆమె మర్నాడు మళ్లీ పొలానికి పోయేది. రెండు రోజుల కూలి ఆ రంగుకే పోయేది.

2020లో కరోనా వచ్చాక ఆ బలానికి ఇంగ్లీషు బారసాల చేశారు. పొడులు, చుక్కలు, చప్పరించే బిళ్లలు, అన్నీ ఇమ్యూనిటీ. కేంద్రప్రభుత్వ ఆయుష్ శాఖే కషాయం తాగండి, ఆర్సెనికం ఆల్బం గోళీలు వేసుకోండి అని చెప్పింది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం వేలల్లో విరుచుకుపడ్డారు. జనాన్ని వెక్కిరించినవాళ్లు వెక్కిరించారు. నేను వెక్కిరించను. అదే నెల పదో తారీఖు రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఆగి 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. ఆస్పత్రిలో ఊపిరి దొరకనప్పుడు మనిషి ఆకు పసరు వెంట పరిగెత్తుతాడు. కరోనా సద్దుమణిగింది గానీ ఆ భయాన్ని అమ్ముకునే అంగడి మూతపడలేదు. ఇప్పుడది పసిపిల్లల మంచం పక్కకి చేరింది.

పోయిన చలికాలం మా పల్లెలో ఒక రెండున్నరేళ్ల పిల్లవాడికి జ్వరం, దగ్గు వచ్చి నెమ్ము చేరింది. తండ్రి మిరప కమ్మీల దగ్గర హమాలీ. టౌన్లో ఒక ప్రైవేటు పిల్లల ఆస్పత్రిలో ఐదు రోజులు ఉంచి తీసుకొచ్చారు. పిల్లవాడు బతికాడు, సంతోషం. తర్వాత ఆ తండ్రి బిల్లు కాగితాలు మడిచి పట్టుకొని నా దగ్గరికొచ్చాడు. “అన్నా, కొంచెం చదివి చెప్పు. దేనికి ఎంతయ్యిందో తెలిస్తే అప్పిచ్చినాయనకి చెప్పుకుంటా.” నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. చదివాను. పిల్లవాడిని బతికించింది రెండు. ఒకటిన్నర రోజులు పెట్టిన ఆక్సిజన్, సూది ద్వారా ఇచ్చిన ఒక మామూలు యాంటీబయాటిక్. ఈ రెండింటి ఖర్చూ కలిపితే బిల్లులో ఐదో వంతు లేదు. మిగతాది గది, ఫీజులు, పరీక్షలు. వాటితో పాటు ఇమ్యూనిటీ ఇంజక్షను, ఇమ్యూనిటీ సిరప్ రెండు రకాలు, జింకు చుక్కలు, వెనిల్లా వాసనొచ్చే పొడి డబ్బాలు రెండు. ఆ డబ్బాలు ఆస్పత్రిలో ఉన్న మందుల షాపులో తప్ప బయట దొరకవట.

తల్లిని అడిగాను, ఎందుకమ్మా ఇవన్నీ తీసుకున్నారని. “మీ పిల్లల్లో ఇమ్యూనిటీ ఉండదమ్మా అన్నాడయ్యా డాక్టరు. వాడకపోతే మళ్లీ నెలకే వస్తారు అన్నాడు. ఏ తల్లి వద్దంటది?”

మీ పిల్లల్లో. ఆ ‘మీ’ ఎవరో ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు.

నాట్లప్పుడు, కోతలప్పుడు మనల్ని చూసి పెద్దకులాలవాళ్లు ఏమంటారు? ‘మీకేంరా, రాయిలాంటి ఒళ్లు. ఎండా వానా మిమ్మల్నేం చేస్తాయి’ అంటారు. మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ లేకపోయినా, మురిక్కాలవలో దిగమన్నా అదే మాట. పొలం గట్టు మీద మన ఒంటికి ఎక్కడలేని శక్తి ఉంటుంది. ఆస్పత్రి గడప తొక్కేసరికి అదే వంశానికి పుట్టిన పిల్లలకి రోగాన్ని తట్టుకునే శక్తే ఉండదు! రెండు మాటల్లోనూ లాభం వాళ్లదే. అక్కడ కూలి తగ్గించడానికి, ఇక్కడ బిల్లు పెంచడానికి.

అసలు ఈ ఇమ్యూనిటీ అంటే ఏమిటో కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. తెలియనిదాన్నే మనకి అమ్మగలరు.

మన ఒంట్లో రోగక్రిములతో కొట్లాడే ఏర్పాటు ఉంది. తెల్లరక్తకణాలు, వాటి వార్తాహరులు, ఒకసారి చూసిన శత్రువుని గుర్తుపెట్టుకునే కణాలు. ఇది బిందెలో నీళ్లలాంటిది కాదు, తగ్గింది కదా అని పై నుంచి పోయడానికి. ఊళ్లో దొంగలు పడ్డప్పుడు బయల్దేరే కాపలా గుంపు అనుకోండి. గుంపు రాకపోతే దొంగ దోచుకుపోతాడు. గుంపు మరీ రెచ్చిపోతే దొంగతో పాటు ఇళ్లూ తగలబెడుతుంది. ఫ్లూ వచ్చి పరిస్థితి విషమించిన పిల్లల్లో రెండూ జరుగుతాయి. కొందరిలో ఆ శక్తి అతిగా రేగి ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. ఇంకొందరిలో కొట్లాడి కొట్లాడి అది చచ్చుబడిపోతుంది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో ఒక పెద్ద పిల్లల ఆస్పత్రి ఉంది. అక్కడి డాక్టరు మార్క్ హాల్, ఆయనతో పనిచేసేవాళ్లు ఈ చచ్చుబడటం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఫ్లూతో ఐసీయూలో పడ్డ పిల్లల రక్తం తీసి, గాజు గొట్టంలో దాన్ని రెచ్చగొట్టి చూశారు. ఎవరి రక్తకణాలు సరిగా స్పందించలేదో ఆ పిల్లల్లోనే చావులు ఎక్కువగా ఉన్నాయని 2013లో ప్రకటించారు. అలాంటి పిల్లలకి జీఎం-సీఎస్ఎఫ్ అనే మందు ఇచ్చి కణాల్ని మళ్లీ లేపవచ్చా అని పరీక్షలు పెట్టారు. శక్తి అతిగా రేగిన పిల్లలకి దాన్ని అణిచే వేరే మందు ఇచ్చి చూస్తున్నారు. గమనించండి. ఒకే వార్డు, పక్కపక్క మంచాలు. ఒక బిడ్డకి పెంచాలి, ఇంకో బిడ్డకి తగ్గించాలి. ఏ బిడ్డకి ఏదో రక్తపరీక్ష చేస్తే గానీ పెద్ద డాక్టర్లకే తెలియదు. మన టౌన్లో మాత్రం వచ్చిన ప్రతి బిడ్డకీ ఒకే సీసా!

ఇమ్యునోగ్లోబులిన్ అని ఇంకొకటుంది. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీసిన రక్షక పదార్థం. ఒక్కో సీసా వేలల్లో ఉంటుంది. పుట్టుకతోనే రక్షణశక్తి లోపించిన పిల్లలకి, కవాసాకీ జబ్బు లాంటివాటికి అది ప్రాణదానమే. దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ మామూలు నెమ్ముకి, ఫ్లూకి అందరికీ ఎక్కించే మందు కాదది. ఫ్లూని ఎదిరించే శక్తి దండిగా ఉన్న రక్తద్రవాన్ని ఏరి మరీ ఆస్పత్రి రోగులకి ఎక్కించి చూసిన పరీక్షల ఫలితాలు 2019లో వచ్చాయి. మొత్తం మీద మేలు తేలలేదు. జింకు నీళ్ల విరేచనాలకి 14 రోజులు ఇవ్వాల్సిన మంచి మందు. విటమిన్ ఎ తట్టు పోసిన పిల్లలకి తప్పకుండా ఇవ్వాలి. 9వ నెల నుంచి ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి ఏఎన్ఎం ఊరికే పోస్తుంది కూడా. నెమ్ముతో మంచంలో ఉన్న బిడ్డ ఈ రెండింటి వల్ల త్వరగా కోలుకుంటుందని మాత్రం గట్టి రుజువు లేదు.

ఇంకో వింత చెప్తాను. పల్లెల్లో ‘ఒక్క సూదితో జ్వరం దింపేస్తాడు’ అని పేరుపడ్డ డాక్టర్లున్నారు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సా. అది స్టెరాయిడ్. ఉబ్బసం లాంటివాటికి డాక్టరు లెక్క ప్రకారం ఇస్తే మంచి మందే. లెక్క లేకుండా పొడిస్తే అది రోగాన్ని తగ్గించదు, ఒంట్లో కాపలా గుంపుని నిద్రపుచ్చుతుంది. గొడవ లేదు కాబట్టి జ్వరం లేదు. పొద్దుటికి పిల్లవాడు హుషారుగా లేస్తాడు, రెండో రాత్రికి డొక్కలెగరేస్తాడు. బలం సూది అని పొడిచి ఉన్న బలాన్ని తీసేసేది ఇదే.

మరి పిల్లల్ని బతికించేది ఏమిటి? చాలా మామూలు సంగతులు. మామూలువి కాబట్టే వాటికి రంగుల బొమ్మలు ఉండవు.

మొదటిది ఊపిరి లెక్క. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట చూడండి. నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసికందుకి నిమిషానికి 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి 40. ఊపిరి పీల్చినప్పుడల్లా కింది పక్కటెముకలు లోపలికి గుంజుకుంటున్నా (మనం డొక్కలెగరేయడం అంటామే, అదే), రొమ్ము పట్టకపోయినా, నీళ్లు మింగకపోయినా, తాగిందంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా ఇంక ఇంట్లో ఒక్క ఘడియ ఉంచకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఈ లెక్క మా పల్లెలో ఇప్పుడు చాలామంది ఆడవాళ్లకి వచ్చు. చదువు రానివాళ్లు కూడా నేర్చుకున్నారు. నలభై దాటిందా లేదా అనేది చిక్కుడు గింజలు పక్కకి తీస్తూ లెక్కపెట్టిన అవ్వ ఒకామె ఉంది. ఆమెని చూసి ఏఎన్ఎం నవ్వింది. తర్వాత తానూ లెక్కపెట్టి చూసి, బిడ్డని ఆటో ఎక్కించింది.

రెండోది మందు. మామూలు జలుబు, రొంప వైరస్ వల్ల వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ దండగ. ఊపిరి లెక్క దాటి నెమ్ము అని తేలితే పిల్లల నెమ్ముకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు చెప్పే మందు అమాక్సిసిలిన్ బిళ్ల. చెంచాడు నీళ్లలోనో తల్లి పాలలోనో కరిగిపోతుంది. బరువుని బట్టి ఎంతో ఆరోగ్య సిబ్బంది చెప్తారు. దాని ఖరీదు కొద్ది రూపాయలు. బహుశా అందుకే గాజు తలుపుల వెనక దానికి గౌరవం లేదు. ఫ్లూ అని అనుమానం ఉండి బిడ్డ ఆస్పత్రిలో చేరేంత కష్టంలో ఉంటే ఒసెల్టమివిర్ అనే మందుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఫ్లూ జ్వరానికి పిల్లలకి ఆస్పిరిన్ మాత్రం వేయకూడదు. మెదడుకి, కాలేయానికి ప్రమాదం.

మూడోది ఆక్సిజన్. వేలికి తగిలించే చిన్న యంత్రం పల్స్ ఆక్సీమీటర్ కరోనా పుణ్యమా అని అందరికీ తెలిసింది. దాంట్లో 90 కంటే తగ్గితే బిడ్డకి ఆక్సిజన్ పెట్టాలి. అప్పుడు ఏ పొడీ, ఏ సిరప్పూ ఆక్సిజన్‌కి బదులు కావు.

ఆక్సిజన్ దగ్గర ఒక బంగ్లాదేశ్ డాక్టరు సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన పేరు మహమ్మద్ జోబాయేర్ చిష్టీ. 1996లో సిల్హెట్ పట్టణంలో కొత్తగా డ్యూటీలో చేరిన మొదటి రాత్రే ఆయన కళ్ల ముందు ముగ్గురు పిల్లలు నెమ్ముతో చనిపోయారు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపే యంత్రాలు లక్షల ఖరీదు. వాళ్ల దేశంలో చాలా ఆస్పత్రులకి అవి అందేవి కావు. ఆయన ఖాళీ షాంపూ సీసాలో నీళ్లు పోసి, బిడ్డ వదిలే గాలి గొట్టం కొసని ఆ నీళ్లలో ముంచాడు. బుడగలు లేస్తాయి. ఆ నీటి ఒత్తిడికి ఊపిరితిత్తులు తెరుచుకొని ఉంటాయి. ఢాకా ఆస్పత్రిలో పరీక్షించి 2015లో లెక్క ప్రకటించారు. మామూలుగా సన్నగా ఆక్సిజన్ పెట్టిన పిల్లల్లో నూటికి 15 మంది పోతే, సీసా పెట్టిన పిల్లల్లో నూటికి నలుగురు పోయారు. ఒక షాంపూ సీసా!

ఇది విని ‘సరే, సీసాలు పంచేద్దాం’ అని మన నాయకులు రేపే ఫొటోలు దిగుతారు. ఆగండి. ఆఫ్రికాలో మలావీ దేశంలో ఒక జిల్లా ఆస్పత్రిలో కూడా ఇలాంటి బుడగల పద్ధతినే పరీక్షించారు. పక్కన డాక్టరు ఎప్పుడూ ఉండని వార్డు అది. 2019లో వచ్చిన ఫలితం తలకిందులైంది. మామూలు ఆక్సిజన్ పెట్టిన పిల్లల్లో నూటికి 11 మంది పోతే, బుడగల పద్ధతి పెట్టినవాళ్లలో 17 మంది పోయారు. ఢాకాలో ఆ సీసా పక్కన నిద్ర మానుకొని కూర్చున్న నర్సులు, డాక్టర్లు ఉన్నారు. అందుకే మనం అడిగేటప్పుడు యంత్రంతో పాటు రాత్రి డ్యూటీ నర్సు పోస్టు కూడా అడగాలి. యంత్రాన్ని ఇచ్చేస్తారు, దాని మీద స్టిక్కరు ఉంటుంది. పోస్టు దగ్గరే చేతులు వణుకుతాయి.

2017 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ గోరఖ్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో ఏం జరిగింది? ఆక్సిజన్ కంపెనీకి లక్షల బాకీ పడ్డారు. కంపెనీ సరఫరా ఆపింది. రెండు రోజుల్లో 30 మంది దాకా పిల్లలు చనిపోయారు. చావులకి ఆక్సిజన్ కారణం కాదని ప్రభుత్వం వాదించింది. బాకీ ఉన్నమాట మాత్రం దాచలేకపోయింది. ఆ పిల్లలు ఏ ఇళ్ల పిల్లలో చెప్పక్కర్లేదు. డబ్బున్నవాళ్ల పిల్లలు ఆ వార్డులో ఉండరు.

ఇక మన పిల్లలకే నెమ్ము ఎందుకెక్కువ? డాక్టరు చెప్పిన ‘ఇమ్యూనిటీ లేని’ జాతి అయినందుకా? మన ఇళ్లు చూడండి. ఊరికి పల్లంలో, వాననీళ్లు నిలిచేచోట, మూడు సెంట్ల స్థలంలో ఒకే గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక. పొయ్యి పొగ పీల్చే పిల్లలకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం దాదాపు రెండింతలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో ఆంధ్రలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. ఆరుగురు తినే ఇంటికి మూడు సిలిండర్లు ఎన్ని నెలలొస్తాయి? మిగతా నెలలు మళ్లీ పత్తి కట్టె, మిరప కట్టె, పొగ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో ఆంధ్రలో నూటికి 63 మందికి, తెలంగాణలో 70 మందికి రక్తహీనత ఉందని తేలింది. బిడ్డకి రక్తం లేదు, తల్లికీ లేదు. పురుడు పోసుకున్న మూడో నెలకే తల్లి మిరపకోతలకి పోతే రొమ్ముపాలు ఎవరిస్తారు? ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి అని గోడల మీద రాస్తారు. ఆ ఆరు నెలల కూలి ఎవరిస్తారో ఏ గోడ మీదా రాయరు.

నిజమైన రక్షణ ఇచ్చే మందొకటి మన ఊరికే వస్తోంది. న్యుమోకోకల్ టీకా. నెమ్ము తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనదాన్ని అడ్డుకుంటుంది. ప్రైవేటులో డోసుకి వేలు తీసుకునే ఈ టీకా 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో ఉచితం. ఆరు వారాలకి, 14 వారాలకి, తొమ్మిదో నెలకి మూడు డోసులు. కార్డు తీసి చూసుకోండి. వలస పోయినప్పుడు తప్పిపోయేది ఎక్కువగా తొమ్మిదో నెల డోసే. ఫ్లూ టీకా మాత్రం ప్రభుత్వ జాబితాలో లేదు. డబ్బున్నవాళ్ల పిల్లలకి ఏటా వేయిస్తున్నారు, మన పిల్లలకి పొడి డబ్బాలు అంటగడుతున్నారు. ఈ తేడాని ఏ పార్టీవాడూ అసెంబ్లీలో ఎందుకడగడు?

మనలో మనం కూడా కొన్ని మాట్లాడుకోవాలి. సభల్లో జై భీమ్ అని పిడికిలెత్తే తమ్ముళ్లు కొందరు సాయంత్రం గొలుసు కంపెనీల పొడి డబ్బాలు సంచిలో వేసుకొని వాడ వాడా తిరుగుతున్నారు. బతుకుతెరువు, కాదనను. కానీ దగ్గుతున్న పిల్లవాడి తల్లికి ఆ డబ్బా అమ్మకండి. అలాగే ప్రార్థన నూనె రాయించండి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించండి, ఎవరి విశ్వాసం వారిది. ప్రార్థన ఆటోలో కూర్చొని కూడా చేయొచ్చు. పొట్ట మీద వాతలు పెట్టడం మాత్రం ఈ తరంతో ఆగిపోవాలి. దగ్గుకి అల్లం, తులసి నీళ్లు గొంతుకి హాయిగానే ఉంటాయి. ఏడాది లోపు పసివాళ్లకి తేనె నాకించొద్దు, అది ప్రమాదం. జలుబు చేసిందని గుడ్డు, అరటిపండు, పెరుగు మాన్పించొద్దు. జబ్బుపడ్డ బిడ్డకి తిండే కావాలి, కొంచెం కొంచెం ఎక్కువసార్లు.

ప్రకటనల సంగతికొస్తే 1954లోనే ఒక చట్టం వచ్చింది, మాయ మందుల ప్రకటనల మీద. ఫలానా రోగాల్ని నయం చేస్తామని ప్రకటించకూడదని జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో న్యుమోనియా పేరుంది. అందుకే తెలివైనవాళ్లు న్యుమోనియా అనరు, ఇమ్యూనిటీ అంటారు. చట్టానికి దొరకరు, మనకి దొరుకుతారు.

ఆస్పత్రికి పోయినప్పుడు అడగాల్సినవి భయం లేకుండా అడగండి. ఈ ఇంజక్షను దేనికి, ఇది ఇవ్వకపోతే ఏమవుతుంది, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది. విడి విడి లెక్కలతో బిల్లు రాసివ్వమనండి. చేర్చే ముందే ఆరోగ్యమిత్ర ఎక్కడుంటాడో కనుక్కోండి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీకి ఆంధ్రలో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతోంది గానీ హక్కు మారలేదు. బిడ్డ జబ్బు దాని కిందికి వస్తుందో రాదో ఆయన చెప్పాలి. వీలైతే ఇద్దరు కలిసి వెళ్లండి. ఒకరు బిడ్డని పట్టుకోవడానికి, ఒకరు అడగడానికి.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన కోసం ఊరందరి చెరువులో వాటా అడిగారు. ఆక్సిజన్ కూడా అలాంటి ఉమ్మడి చెరువే. అది ఉండాల్సింది మండలంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మనకి పదిహేను నిమిషాల దూరంలో. 2019లో కేంద్రం పిల్లల నెమ్ము చావులు తగ్గించడానికి ‘సాన్స్’ అని ఒక కార్యక్రమం పెట్టింది. సాన్స్ అంటే హిందీలో ఊపిరి. మన ఆరోగ్య కేంద్రంలో దాని గురించి ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

మా సంఘం నుంచి మేం ఎనిమిదిమందిమి పోయి అడిగాం. ఆక్సిజన్ సిలిండర్ ఉంది, చూపించారు. దాన్ని తిప్పే కీ లేదు. పిల్లల ముక్కుకి పట్టే గొట్టం సైజు లేదు. అమాక్సిసిలిన్ కరిగే బిళ్లలు ‘ఇండెంట్ పెట్టాం’ అన్నారు. రాత్రి ఏడు తర్వాత వాచ్‌మన్ ఒక్కడే. ఇండెంట్ కాపీ ఇవ్వమంటే పై అధికారిని అడగాలన్నారు. సమాచార హక్కు చట్టం కింద ఐదు ప్రశ్నలు రాసి దరఖాస్తు పెట్టాం. కీ ఎప్పటినుంచి లేదు, ఆక్సీమీటర్లు ఎన్ని పనిచేస్తున్నాయి, పిల్లల బిళ్లలు ఎప్పుడు ఎన్ని వచ్చాయి, రాత్రి నర్సు పోస్టు ఉందా, ఉంటే ఎందుకు ఖాళీ. తెల్లకార్డు ఉన్నవాళ్లకి రుసుం లేదు, కాబట్టి హమాలీ పని చేసే ఆ తండ్రి పేరు మీదే పెట్టాం. జవాబుకి 30 రోజుల గడువు. వచ్చే సంచిక అచ్చుకి పోయేలోపు అది అయిపోతుంది. జవాబు వస్తే వచ్చింది వచ్చినట్టు వేస్తాం. రాకపోతే మొదటి అప్పీలు ఎలా రాయాలో ఆ కాగితం నమూనా వేస్తాం. మీ మండలం పేరు మార్చి వాడుకోండి.